ఆ నాలుగు బైట్లు ఎవరి లెక్కలో ఉన్నాయి? వీలాన్ ట్యాగులు, రూటర్ ఎంటీయూ

పింగ్ వెళ్తుంది. దూరం నుంచే రూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ కూడా అవుతుంది. లోపలికి వెళ్లాక కాన్ఫిగరేషన్ మొత్తం చూపించమని కమాండ్ ఇవ్వగానే స్క్రీన్ బిగుసుకుపోతుంది. పక్కనే ఇంకో విండో తెరిచి మళ్లీ పింగ్ చేస్తే నిక్షేపంగా జవాబు వస్తుంది. లింక్ అప్‌లోనే ఉంది, రూటింగ్ టేబుల్‌లో దారి ఉంది, ఫైర్‌వాల్‌లో అడ్డేమీ లేదు. కొత్తగా జరిగిందల్లా ఒకటే. నిన్నటిదాకా మామూలుగా ఉన్న పోర్టును ట్రంక్‌గా (ఒకే తీగ మీద చాలా వీలాన్లను మోసే పోర్టుగా) మార్చి, దాని మీద ఒక్కో వీలాన్‌కు ఒక్కోటి చొప్పున సబ్‌ఇంటర్‌ఫేస్‌లు పెట్టారు. వీలాన్ అంటే ఒకే స్విచ్ మీద విడదీసి నడిపే వర్చువల్ నెట్‌వర్క్. ఏ ఫ్రేమ్ ఏ వీలాన్‌దో చెప్పడానికి దానికి నాలుగు బైట్ల ట్యాగ్ వేస్తారు.

నెట్‌వర్క్ పనిలో ఉన్నవాళ్లలో ఈ టెన్షన్ పడనివాళ్లు తక్కువ. చిన్న ప్యాకెట్లు దాటిపోతున్నాయి, పెద్దవి దారిలో మాయమవుతున్నాయి. ఎంత తేడాతో మాయమవుతున్నాయని కొలిస్తే నాలుగంటే నాలుగు బైట్లు. చాలాసార్లు తప్పు పరికరంలో ఉండదు, లెక్కలో ఉంటుంది. ఎంటీయూ (లింక్ మీద ఒక్కసారిలో పంపగలిగే గరిష్ఠ సైజు) అని రాసే అంకెలో ఏ హెడర్ కలిసింది, ఏది కలవలేదు అన్నది ఒక్కో రూటర్‌లో ఒక్కోలా ఉంటుంది. ఆ సంగతి చూడకుండా అంకెను మాత్రమే ఇక్కడి నుంచి అక్కడికి తెచ్చి పెట్టడం దగ్గరే ఈ కష్టాల్లో సగానికి పైగా మొదలవుతాయి.

ఫ్రేమ్‌ను విప్పి చూస్తే

ఈథర్‌నెట్ ఫ్రేమ్ అంటే తీగ మీద ప్యాకెట్‌ను మోసుకెళ్లే కవరు లాంటిది. దాని ముందు భాగంలో గమ్యం మ్యాక్ చిరునామా 6 బైట్లు, పంపినవారి మ్యాక్ చిరునామా 6 బైట్లు, లోపల ఉన్నది ఏ ప్రొటోకాల్ అని చెప్పే ఈథర్‌టైప్ 2 బైట్లు ఉంటాయి. మొత్తం 14, ఇదే హెడర్. ఆ తర్వాత అసలు సరుకు, అంటే ఐపీ ప్యాకెట్. అది గరిష్ఠంగా 1500 బైట్లు. చివర్లో తప్పులు పట్టుకోవడానికి 4 బైట్ల ఎఫ్‌సీఎస్. కలిపితే 1518. 1980లో వచ్చిన డిక్స్ (డిజిటల్, ఇంటెల్, జిరాక్స్) ఈథర్‌నెట్ ప్రమాణం నుంచి ఈ 1500 అలాగే ఉంది. మెమరీ ఖరీదుగా ఉన్న రోజుల్లో పెట్టుకున్న హద్దు అది. ఇప్పుడు వంద గిగాబిట్ పోర్టులో కూడా అడగకపోతే వచ్చేది అదే.

802.1క్యూ ట్యాగ్, అంటే వీలాన్ ట్యాగ్, ఈ ఫ్రేమ్‌కు ముందో వెనకో అతికించేది కాదు. పంపినవారి మ్యాక్ చిరునామాకూ ఈథర్‌టైప్‌కూ మధ్య చోటు చేసుకుని కూర్చుంటుంది. మొదటి రెండు బైట్లలో 8100 అనే హెక్సాడెసిమల్ విలువ ఉంటుంది. ‘ఇక్కడ ట్యాగ్ ఉంది’ అని చెప్పే గుర్తు అది. తర్వాతి రెండు బైట్లలో 3 బిట్లు ప్రాధాన్యతకు, 1 బిట్ రద్దీలో ముందుగా వదిలేయవచ్చా అని చెప్పడానికి, మిగిలిన 12 బిట్లు వీలాన్ నంబర్‌కు. ఆ 12 బిట్లలో 0, 4095 పక్కన పెడితే వాడుకోవడానికి 4094 వీలాన్లు మిగులుతాయి. లోపలి ఐపీ ప్యాకెట్ ఒక్క బైట్ కూడా తగ్గలేదు. ఫ్రేమ్ మాత్రం 1518 నుంచి 1522కు పెరిగింది.

ప్రమాణాలు రాసినవాళ్లకు ఈ పెరుగుదల తెలియక కాదు. 802.1క్యూ వచ్చిన 1998లోనే 802.3ఏసీ అనే సవరణ గరిష్ఠ ఫ్రేమ్‌ను 1522కు పెంచింది. 2006లో 802.3ఏఎస్ ఇంకా ముందుకెళ్లి, రకరకాల ట్యాగులకు చోటుండేలా మొత్తం ఫ్రేమ్‌ను 2000 బైట్ల దాకా అనుమతించింది. సరుకు హద్దు మాత్రం 1500 దగ్గరే ఉంచారు. ఇందులో ఉన్న ఉద్దేశం స్పష్టం: ట్యాగ్ వస్తే పెరగాల్సింది ఫ్రేమ్, తగ్గాల్సింది ప్యాకెట్ కాదు. ఇంటర్‌ఫేస్ కాన్ఫిగర్ చేసేటప్పుడు ఈ ఒక్క మాట గుర్తుంటే తర్వాతి నిర్ణయాలన్నీ తేలికవుతాయి.

బ్యాండ్‌విడ్త్ పరంగా ట్యాగ్ ఖర్చు లేనట్టే. ఫ్రేమ్‌కు ముందు వచ్చే 8 బైట్ల ప్రియాంబుల్, ఫ్రేమ్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య వదిలే 12 బైట్ల ఖాళీ కూడా కలిపితే 1500 బైట్ల ప్యాకెట్ తీగ మీద 1538 బైట్ల చోటు తీసుకుంటుంది. ట్యాగ్‌తో 1542. పావు శాతం తేడా. కానీ హద్దు దగ్గర పావు శాతం, పది శాతం అని ఉండదు. ఒక్క బైట్ మించినా ఫ్రేమ్ మొత్తం పోతుంది.

ఒకే అంకెకు వేర్వేరు అర్థాలు

సిస్కో సంస్థ ఐఓఎస్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న రూటర్‌లో ఇంటర్‌ఫేస్ ఎంటీయూ 1500 అంటే అది సరుకు లెక్క. ఈథర్‌నెట్ హెడర్ అందులో లేదు. డాట్‌వన్‌క్యూ (802.1క్యూ) సబ్‌ఇంటర్‌ఫేస్ పెట్టినా అక్కడ కనిపించేది 1500యే. ట్యాగ్‌కు కావాల్సిన 4 బైట్లు హార్డ్‌వేర్ తనంతట తాను చూసుకుంటుంది.

అదే సంస్థ ఐఓఎస్ ఎక్స్‌ఆర్‌లో లెక్క మారుతుంది. అక్కడ ఇంటర్‌ఫేస్ డిఫాల్ట్ 1514. అంటే 14 బైట్ల హెడర్ కలిసింది, ఎఫ్‌సీఎస్ కలవలేదు. దాని కింద ఒక ట్యాగ్ ఉన్న సబ్‌ఇంటర్‌ఫేస్ పెడితే విలువ దానంతటదే 1518 అవుతుంది, రెండు ట్యాగులుంటే 1522. ఏ సందర్భంలోనైనా ఐపీకి మిగిలేది 1500.

జునిపర్ రూటర్ల జునోస్‌లో కూడా డిఫాల్ట్ 1514, హెడర్ కలిపిన లెక్కే. వీలాన్ ట్యాగింగ్ ఆన్ చేస్తే భౌతిక ఇంటర్‌ఫేస్ డిఫాల్ట్ 1518కి పెరుగుతుంది. చిక్కు ఎక్కడంటే, ఎంటీయూను చేత్తో రాసినప్పుడు ఆ పెరుగుదల ఉండదు. రాసిన అంకెలో నుంచే హెడర్‌కు 14, ట్యాగ్‌కు 4 తీసేసి మిగిలింది ఐపీకి ఇస్తుంది. ట్యాగింగ్ ఉన్న పోర్టు మీద ‘ఎందుకైనా మంచిది’ అని 1514 అని రాసేస్తే ఐపీ ఎంటీయూ 1496కి పడిపోతుంది. ఏమీ రాయకపోతే సరిగ్గా ఉండేది, జాగ్రత్తపడి రాసినందుకు చెడుతుంది.

ఇప్పుడు 1500 కంటే పెద్ద సరుకు మోసే జంబో ఫ్రేమ్‌ల సంగతి చూస్తే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. రెండు రూటర్ల మధ్య 9000 బైట్ల ఐపీ ప్యాకెట్లు వెళ్లాలి, మధ్యలో ఒక వీలాన్ ట్యాగ్ ఉంది అనుకుందాం. ఐఓఎస్‌లో 9000 అని రాయాలి. ఎక్స్‌ఆర్‌లో మెయిన్ ఇంటర్‌ఫేస్ మీద 9014 రాస్తే సబ్‌ఇంటర్‌ఫేస్ తనకు తాను 9018 చేసుకుంటుంది. జునోస్‌లో నేరుగా 9018 రాయాలి, రెండు ట్యాగులైతే 9022. నాలుగు వేర్వేరు అంకెలు, చెప్పేది మాత్రం ఒకే సంగతి. మార్పుల పత్రంలో ‘రెండు వైపులా ఎంటీయూ 9000 పెట్టాలి’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఏం జరుగుతుంది? ఐఓఎస్ వైపు ఐపీకి 9000 దొరుకుతుంది, ఎక్స్‌ఆర్ వైపు 8986, ట్యాగ్ ఉన్న జునోస్ వైపు 8982. కాన్ఫిగరేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే అన్నింటిలోనూ 9000 అనే ఉంటుంది. చూసేవాళ్లకు అంతా సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే ఇలాంటి పత్రాల్లో ‘ఐపీ ఎంటీయూ 9000’ అని సరుకు లెక్కలో రాసి, దాని పక్కన ఏ పరికరంలో ఏ అంకె టైప్ చేయాలో విడిగా రాయడమే సరైన పద్ధతి.

లైనక్స్ రూటర్‌లో సరుకు లెక్కే నడుస్తుంది. వీలాన్ ఇంటర్‌ఫేస్ తన తల్లి ఇంటర్‌ఫేస్ ఎంటీయూనే తీసుకుంటుంది, దానికంటే ఎక్కువ పెట్టబోతే కెర్నల్ ఒప్పుకోదు. తల్లి ఎంటీయూ తగ్గిస్తే పిల్లల ఎంటీయూ కూడా తగ్గుతుంది. తల్లిని మళ్లీ పెంచినప్పుడు పిల్లలు కూడా పెరిగారా లేదా అన్నది మాత్రం చూసుకుని తీరాలి. తాత్కాలికంగా తగ్గించి పెంచిన తర్వాత ఒక వీలాన్ పాత తక్కువ విలువ దగ్గరే ఉండిపోవడం మామూలే.

మైక్రోటిక్ రూటర్‌ఓఎస్ ఈ గందరగోళాన్ని రెండు విడివిడి విలువలుగా చూపిస్తుంది. ఎంటీయూ అనేది ఐపీకి, ఎల్2ఎంటీయూ అనేది ఈథర్‌నెట్ హెడర్ వెనక మొత్తం ఎంత మోయగలదో చెప్పడానికి. ట్యాగులు ఈ రెండో లెక్కలోకి వస్తాయి. భౌతిక పోర్టులో ఎల్2ఎంటీయూ 1598 ఉంటే, దాని మీద పెట్టిన వీలాన్‌లో 1594 కనిపిస్తుంది. దాని మీద ఇంకో వీలాన్ పెడితే 1590. మోయగలిగే బరువు ఒకటి, మోయించే బరువు ఒకటి అని విడదీసి చూపించడం వల్ల తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. మిగతా పరికరాల్లో ఈ విడదీత మనసులో మనమే చేసుకోవాలి.

మధ్యలో ఉన్న స్విచ్ నోరు విప్పదు

రూటర్‌కు ఎదురైన ప్యాకెట్ తర్వాతి లింక్‌లో పట్టదని తెలిస్తే ఏం చేయాలో ఎప్పుడో తేల్చారు. ముక్కలు చేయొద్దు అనే డీఎఫ్ బిట్ ప్యాకెట్‌లో ఉంటే దాన్ని వదిలేసి, పంపినవారికి ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలు తెలిపే ప్రొటోకాల్) టైప్ 3 కోడ్ 4 సందేశం పంపాలి. అందులో ‘ఇంతకంటే పెద్దది పంపకు’ అనే విలువ ఉంటుంది. 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1191 చెప్పిన పాత్ ఎంటీయూ డిస్కవరీ ఇదే. ఐపీవీ6లో దారిలోని రూటర్లు ముక్కలు చేయడం అనేదే లేదు, ‘ప్యాకెట్ టూ బిగ్’ సందేశమే దిక్కు.

ఈ ఏర్పాటు అంతా ఒక నమ్మకం మీద నిలబడింది. హద్దు ఎంతో రూటర్‌కు తెలుసు అన్నదే ఆ నమ్మకం. వీలాన్ ట్యాగ్ విషయంలో దెబ్బ తగిలేది అక్కడే. రెండు రూటర్లూ తమ సబ్‌ఇంటర్‌ఫేస్ ఎంటీయూ 1500 అనే అనుకుంటున్నాయి. నిజానికి మధ్యలో ఉన్న పాత స్విచ్చో, మీడియా కన్వర్టరో, రేడియో లింకో 1518 దాటిన ఫ్రేమ్‌ను తీసుకోదు. 1522 బైట్ల ఫ్రేమ్ రాగానే అది కింద పడేస్తుంది. రెండో లేయర్‌లో, అంటే ఐపీ చూడకుండా ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లను మాత్రమే దాటించే చోట, పనిచేసే పరికరానికి ఐసీఎంపీ పంపే పని లేదు, చాలాసార్లు పంపడానికి ఐపీ చిరునామా కూడా ఉండదు. తన కౌంటర్‌లో ‘జెయింట్స్’ అనో ‘ఓవర్‌సైజ్’ అనో ఒక అంకె పెంచుకుని ఊరుకుంటుంది. పంపినవాడికి కబురు రాదు. మళ్లీ పంపుతాడు, మళ్లీ పోతుంది.

మొదట చెప్పుకున్న ఎస్‌ఎస్‌హెచ్ బిగుసుకుపోవడం వెనక ఉన్నది ఇదే. లాగిన్ సమయంలో తిరిగే సందేశాలు చాలావరకు చిన్నవి. కాన్ఫిగరేషన్ అంతా ఒక్కసారిగా రావడం మొదలవగానే టీసీపీ (డేటాను వరస తప్పకుండా చేర్చే ప్రొటోకాల్) నిండు సెగ్మెంట్లు, అంటే పట్టినంత పెద్ద ముక్కలు, పంపుతుంది. మొదటి నిండు సెగ్మెంట్ పోయిందంటే, దాని వెనక వచ్చిన చిన్నవి చేరినా ప్రయోజనం లేదు. టీసీపీ వరస తప్పి అందించదు. వెబ్‌లో టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్) మొదలయ్యేటప్పుడు కూడా ఇంతే. బ్రౌజర్ పలకరింపు వెళ్తుంది, సర్వర్ నుంచి సర్టిఫికెట్లతో నిండిన ప్యాకెట్లు రావు.

నేటివ్ వీలాన్ ఈ వెతుకులాటను ఇంకా కష్టం చేస్తుంది. ట్రంక్ మీద నేటివ్ వీలాన్ ఫ్రేమ్‌లు మామూలుగా ట్యాగ్ లేకుండానే వెళ్తాయి. అంటే అవి 1518 లోపే ఉంటాయి. మేనేజ్‌మెంట్ చిరునామా నేటివ్ వీలాన్‌లో ఉంటే, దానికి 1500 బైట్ల పింగ్ చేసి చూసినవాళ్లకు లింక్ పూర్తిగా బాగున్నట్టే కనిపిస్తుంది. కష్టపడేది ట్యాగ్ ఉన్న వీలాన్ల వాళ్లు. పరీక్ష ఏ వీలాన్‌లో కష్టం ఉందో ఆ వీలాన్‌లోనే చేయాలి.

1496 అనే అడ్డదారి

ట్యాగ్‌కు 4 బైట్లు కావాలి కాబట్టి ఎంటీయూ 1496కి తగ్గిస్తే సరిపోతుంది కదా అని చాలామంది చేస్తారు. తగ్గించగానే రూటర్ నుంచి బయటికి వెళ్లేవి చిన్నబడతాయి, కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, హమ్మయ్య అనిపిస్తుంది. కానీ పని సగమే అయింది.

రూటర్ సబ్‌ఇంటర్‌ఫేస్ మీద ఐపీ ఎంటీయూ తగ్గిస్తే అది రూటర్ పంపే ప్యాకెట్లకు వర్తిస్తుంది. ఆ వీలాన్‌లో ఉన్న కంప్యూటర్లు తమ ఎంటీయూ 1500 అనే అనుకుంటాయి, రూటర్ వైపు 1500 బైట్ల ప్యాకెట్లే పంపుతాయి. స్విచ్ వాటికి ట్యాగ్ వేసి ట్రంక్‌లోకి నెడుతుంది, అవి మధ్యలోనే పోతాయి. రూటర్ దాకా చేరితే కదా రూటర్ ఏమైనా చెప్పడానికి. డౌన్‌లోడ్ బాగుంది, అప్‌లోడ్ ఆగిపోతోంది అనే ఫిర్యాదు ఇక్కడి నుంచే పుడుతుంది. ఒక వీలాన్‌లో ఉన్న ప్రతి పరికరానికీ ఐపీ ఎంటీయూ ఒకటే ఉండాలన్న నియమం ఎందుకో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

డీఎఫ్ బిట్ లేని ప్యాకెట్ల సంగతి ఇంకోలా ఉంటుంది. 1500 బైట్ల ప్యాకెట్‌ను 1496 లింక్‌లోకి పంపాలంటే రూటర్ ముక్కలు చేయాలి. 20 బైట్ల ఐపీ హెడర్ పోగా సరుకు 1480. మొదటి ముక్కలో హెడర్ పోగా 1476కు చోటుంది, కానీ చివరిది కాని ముక్కలోని సరుకు 8తో భాగించబడాలి కాబట్టి 1472 దగ్గర ఆగాలి. మిగిలింది 8 బైట్లు. ఆ 8 బైట్ల కోసం ఇంకో 20 బైట్ల హెడర్‌తో 28 బైట్ల రెండో ప్యాకెట్ బయల్దేరుతుంది. ఈథర్‌నెట్‌లో సరుకు కనీసం 46 బైట్లు ఉండాలి కాబట్టి దానికి మళ్లీ ఉత్త బైట్లు నింపాలి. ప్రతి పెద్ద ప్యాకెట్‌కూ రెండు ప్యాకెట్లు. పైగా రెండో ముక్కలో పోర్ట్ నంబర్లు ఉండవు, పోర్ట్ చూసి అనుమతించే ఫైర్‌వాల్ దాన్ని ఆపేయవచ్చు. నాలుగు బైట్లు ఆదా చేయబోయి తెచ్చుకునే ఖర్చు ఇది.

ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ ఇంతకంటే మెరుగైన సర్దుబాటు. టీసీపీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు రెండు వైపులా చెప్పుకునే గరిష్ఠ సెగ్మెంట్ విలువను మధ్యలోని రూటర్ తగ్గించి రాస్తుంది. 1500కు ఐపీవీ4లో 1460, ఐపీవీ6లో 1440. 1496కైతే 1456, 1436. రెండు దిశల్లోనూ పనిచేస్తుంది కాబట్టి అప్‌లోడ్ సమస్య కూడా తీరుతుంది. కానీ ఇది టీసీపీకి మాత్రమే మందు. టీసీపీ కాని యూడీపీ మీద నడిచేవాటికి, ఇతర టన్నెళ్లకు దీనివల్ల ప్రయోజనం లేదు. మధ్యలోని లింక్ మన చేతిలో లేనప్పుడు క్లాంపింగ్ తప్పదు. చేతిలో ఉన్న లింక్‌కు మాత్రం ఫ్రేమ్ హద్దు పెంచడమే మందు, ఐపీ ఎంటీయూ తగ్గించడం కాదు.

రూటింగ్ ప్రొటోకాల్స్ ముందే చెప్పే కబుర్లు

రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ ప్రొటోకాల్ తన డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్‌లో ఇంటర్‌ఫేస్ ఎంటీయూ రాసి పంపుతుంది. ఆర్‌ఎఫ్‌సీ 2328 ప్రకారం, అవతలివారు చెప్పిన విలువ తన ఇంటర్‌ఫేస్ తీసుకోగలిగిన దానికంటే ఎక్కువైతే ఆ ప్యాకెట్‌ను తిరస్కరించాలి. పైన చెప్పిన 9000, 8982 రూటర్లను ఓఎస్‌పీఎఫ్‌తో కలిపితే హలోలు బాగానే తిరుగుతాయి, పొరుగు కనిపిస్తుంది, తర్వాత ఎక్స్‌స్టార్ట్ దగ్గరో ఎక్స్ఛేంజ్ దగ్గరో (పొరుగు సంబంధం ఇంకా పూర్తికాని దశల్లో) కూలబడుతుంది. వీలాన్ ఉన్న లింక్‌లో ఓఎస్‌పీఎఫ్ ఎక్స్‌స్టార్ట్‌లో ఆగిందంటే మొదట అనుమానించాల్సింది ఎంటీయూనే.

ఇలాంటప్పుడు ఎంటీయూ తేడాను పట్టించుకోవద్దని ఓఎస్‌పీఎఫ్‌కు చెప్పే కమాండ్ ఒకటి చాలా రూటర్లలో ఉంటుంది. అది వాడగానే పొరుగు ఫుల్ (సంబంధం పూర్తయిన) దశకు వస్తుంది, పని అయిపోయినట్టు అనిపిస్తుంది. దయచేసి దాని జోలికి పోవద్దు. తేడా పోలేదు, తేడా చెప్పే నోరు మూయించాం అంతే. నెట్‌వర్క్ పెరిగి, అప్‌డేట్ ప్యాకెట్లు నిండుగా వెళ్లే రోజు వచ్చినప్పుడు అదే లింక్ అర్ధరాత్రి కూలుతుంది. అప్పటికి ఆ కమాండ్ ఎందుకు పెట్టారో గుర్తున్నవాళ్లు ఉండకపోవచ్చు.

ఓఎస్‌పీఎఫ్ పోల్చేది రెండు చివర్లలో రాసిన విలువలను మాత్రమే. మధ్య స్విచ్ మోయగలదా లేదా అన్నది దానికి తెలియదు. ఐఎస్-ఐఎస్ అనే మరో రూటింగ్ ప్రొటోకాల్ ఇక్కడ ఒక అడుగు ముందుంది. తన హలో ప్యాకెట్లనే ఎంటీయూ నిండేదాకా ఉత్త బైట్లతో నింపి పంపుతుంది. దారి ఆ సైజును మోయలేకపోతే అసలు పొరుగే ఏర్పడదు. లింక్ పెట్టిన రోజే తప్పు బయటపడటం కంటే మేలు ఏముంటుంది.

వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య రూట్లు చెప్పుకునే బీజీపీలో లక్షణం వేరు. సెషన్ ఎస్టాబ్లిష్డ్ అవుతుంది, ఎందుకంటే ఓపెన్, కీప్‌అలైవ్ సందేశాలు చిన్నవి. తర్వాత రూట్లతో నిండిన అప్‌డేట్ బయల్దేరుతుంది, దారిలో పోతుంది. దాని వెనకున్న కీప్‌అలైవ్‌లు కూడా అదే టీసీపీ వరసలో ఉన్నాయి కాబట్టి అవతలి బీజీపీకి అందవు. కీప్‌అలైవ్ కోసం ఎదురుచూసే గడువు, అంటే హోల్డ్ టైమర్, అయిపోగానే సెషన్ పడిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. సిస్కోలో హోల్డ్ టైమ్ డిఫాల్ట్ 180 సెకన్లు, జునోస్‌లో 90. గడియారం పెట్టినట్టు ఆ వ్యవధికోసారి పడుతున్న సెషన్ కనిపిస్తే లైన్ కట్ అవుతోందని కంప్లయింట్ ఇచ్చే ముందు పెద్ద పింగ్ ఒకటి చేసి చూడాలి.

పింగ్‌తో కొలవడం

కొలతకు కావాల్సింది డీఎఫ్ బిట్ పెట్టిన పింగ్. లైనక్స్‌లోనూ జునోస్‌లోనూ పింగ్ సైజు అంటే ఐసీఎంపీ లోపలి డేటా మాత్రమే. దానికి 8 బైట్ల ఐసీఎంపీ హెడర్, 20 బైట్ల ఐపీ హెడర్ కలుస్తాయి. 1472 పెడితే ప్యాకెట్ 1500 అవుతుంది. సిస్కో ఐఓఎస్‌లో సైజు అంటే మొత్తం ఐపీ ప్యాకెట్. అక్కడ 1500 అనే పెట్టాలి. ఇది తెలియక ఐఓఎస్‌లో 1472తో పరీక్షించి ‘1500 వెళ్తోంది’ అని రాసుకున్నవాళ్లు 28 బైట్ల చీకట్లో ఉండిపోతారు.

ట్యాగ్ ఉన్న వీలాన్‌లో లైనక్స్ నుంచి 1472తో పింగ్ చేస్తే జవాబు లేదు. 1400తో వస్తోంది. ఈ రెండింటి మధ్య అంకెలతో కొలుస్తూ పోతే 1468 దగ్గర వస్తోంది, 1469 దగ్గర రావడం లేదు. 1468కి 28 కలిపితే 1496. పోయింది సరిగ్గా 4 బైట్లు. ఎవరో ఒకరు ఒక ట్యాగ్‌ను తమ లెక్కలో వేసుకోలేదు. ఇక్కడ ఇంకో విషయం చూడాలి. 1469 దగ్గర పింగ్ వెంటనే ‘ఫ్రాగ్మెంటేషన్ కావాలి’ అని కబురు తెచ్చిందా, లేక జవాబే లేకుండా టైమౌట్ అయిందా? కబురు వస్తే ఏదో ఒక రూటర్‌లో ఐపీ ఎంటీయూ తక్కువ రాసి ఉంది. ఆ కబురు పంపిన చిరునామాయే తప్పు ఎక్కడుందో చూపిస్తుంది. టైమౌట్ అయితే అది రెండో లేయర్ పరికరం పని కావచ్చు, లేదా ఐసీఎంపీని అడ్డుకుంటున్న ఫైర్‌వాల్ పని కావచ్చు. ఒక్కో స్విచ్ దగ్గర ఓవర్‌సైజ్ కౌంటర్ చూస్తూ వెళ్లాలి.

ఎంత తగ్గిందన్న అంకె దానికదే ఒక ఆధారం. 4 అయితే ఒక వీలాన్ ట్యాగ్ లేదా ఒక ఎంపీఎల్‌ఎస్ లేబుల్ (ప్రొవైడర్లు ప్యాకెట్ దారికి వేసే గుర్తు). 8 అయితే రెండు ట్యాగులు, లేదా పీపీపీఓఈ (బ్రాడ్‌బ్యాండ్ లాగిన్ పద్ధతి). 24 అయితే జీఆర్‌ఈ టన్నెల్. 50 అయితే వీఎక్స్‌లాన్ (ఐపీ మీద ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లు మోసే టన్నెల్), లోపలి ఫ్రేమ్‌లో ట్యాగ్ కూడా ఉంచి పంపుతుంటే 54.

పింగ్‌ను రెండు వైపుల నుంచీ చేయడం తప్పనిసరి. కొన్ని హార్డ్‌వేర్‌లు తమ ఎంటీయూ కంటే పెద్ద ఫ్రేమ్ వచ్చినా తీసుకుంటాయి, పంపేటప్పుడు మాత్రం హద్దు పాటిస్తాయి. ఇంకొన్ని రెండు వైపులా కచ్చితంగా ఉంటాయి. పింగ్ రానూపోనూ అదే సైజులో తిరుగుతుంది కాబట్టి ఏ దిశలో పోయిందో ఒక్క వైపు నుంచి చేస్తే తెలియదు. అవతలి చివర ప్యాకెట్ క్యాప్చర్ పెట్టి, అభ్యర్థన చేరిందా లేదా చూస్తే తేలిపోతుంది.

ట్యాగ్ మీద ట్యాగ్

సర్వీస్ ప్రొవైడర్ల నెట్‌వర్క్‌లో కస్టమర్ ట్యాగ్ బయట ఇంకో ట్యాగ్ వేస్తారు. క్యూఇన్‌క్యూ అని వ్యవహారంలో ఉన్న ఈ పద్ధతిని 802.1ఏడీగా 2005లో ప్రమాణం చేశారు. బయటి ట్యాగ్ గుర్తు హెక్సాడెసిమల్‌లో 88ఏ8. కస్టమర్ 1522 బైట్ల ఫ్రేమ్ పంపితే ప్రొవైడర్ లోపల అది 1526 అవుతుంది. కస్టమర్ వైపు పోర్టు చూసి సరిపోయిందనుకుంటే చాలదు, లోపలి ప్రతి ట్రంక్‌లో ఆ అదనపు నాలుగు బైట్లకు చోటుండాలి. ఇక్కడ ఒక్కో బైట్ లెక్కపెట్టుకుంటూ 1526 అని రాయడం కన్నా రెండో లేయర్ ట్రంకులన్నింటికీ హార్డ్‌వేర్ ఎంత ఇస్తే అంత, సాధారణంగా 9216 దరిదాపుల్లో, ఇచ్చేయడం మంచిది. మోయగలిగే హద్దు ఎక్కువ ఉన్నందువల్ల ఎవరికీ నష్టం లేదు. ఐపీ ఎంటీయూను మాత్రం ఒక్కో సబ్‌ఇంటర్‌ఫేస్ మీద విడిగా, కావాల్సినంతే రాయాలి. ఒకే భౌతిక పోర్టు మీద స్టోరేజ్ వీలాన్‌కు 9000, మామూలు వాడకం వీలాన్‌కు 1500 ఉంచుకోవడం దీనివల్ల కుదురుతుంది. ఆ వీలాన్‌లోని కంప్యూటర్లకు విలువ చేరవేయడానికి డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీ చిరునామాలు పంచే ప్రొటోకాల్)లో ఆప్షన్ 26, ఐపీవీ6 రూటర్ అడ్వర్టైజ్‌మెంట్‌లో ఎంటీయూ ఆప్షన్ ఉన్నాయి. అన్ని కంప్యూటర్లూ వాటిని పాటిస్తాయన్న ధీమాతో మాత్రం వదిలేయకూడదు.

జంబో ఫ్రేమ్ అనేదానికి ఐఈఈఈ ప్రమాణమంటూ లేదు. 9000 అనేది వాడుకలో స్థిరపడ్డ అంకె. అందుకే ఒక పరికరం గరిష్ఠం 9216, ఇంకోదాని గరిష్ఠం 9192, మరొకదానిది 9600 అని ఉంటుంది. దారిలోని అన్నింటికంటే తక్కువ ఏదో అదే అసలు హద్దు.

మార్చే వరస

పెంచేటప్పుడు మధ్య నుంచి చివర్లకు రావాలి. ముందు స్విచ్‌లు, తర్వాత రూటర్ భౌతిక ఇంటర్‌ఫేస్‌లు, ఆ తర్వాత రెండు చివర్ల సబ్‌ఇంటర్‌ఫేస్ ఐపీ ఎంటీయూ, అందరికంటే చివర కంప్యూటర్లు. తగ్గించేటప్పుడు ఇదే తిరగేసి. చాలా పరికరాల్లో భౌతిక ఎంటీయూ మారిస్తే పోర్టు ఒకసారి పడి లేస్తుంది, కొన్ని స్విచ్‌లలో రీబూట్ అయ్యేదాకా కొత్త విలువ అమల్లోకే రాదు. పనివేళల్లో చేయదగిన పని కాదు. ఉన్న టీసీపీ సెషన్లు తమ ఎంఎస్‌ఎస్‌ను మొదట్లోనే మాట్లాడుకుని ఉంటాయి కాబట్టి, ఎంటీయూ పెంచినా బీజీపీ సెషన్ పాత సైజులోనే నడుస్తుంటుంది. సెషన్‌ను మళ్లీ మొదలుపెట్టిన రోజు మొదటిసారి పెద్ద సెగ్మెంట్లు బయల్దేరతాయి, మధ్యలో లోపముంటే అప్పుడు బయటపడుతుంది. మార్పు చేసిన రాత్రే, ఇంకా అందరూ లైన్‌లో ఉండగానే, ఆ సెషన్‌ను చేత్తో ఒకసారి తిరిగి లేపి చూసుకోవడం మేలు.

అంతా అయ్యాక ప్రతి ట్యాగ్ ఉన్న వీలాన్‌లో, రెండు వైపుల నుంచీ, డీఎఫ్ బిట్‌తో 8972 పింగ్ (లైనక్స్ లెక్కలో, ఐపీ 9000కు) వెళ్లాలి. 8973 వెళ్లకూడదు, ‘ఫ్రాగ్మెంటేషన్ కావాలి’ అని వెంటనే కబురు రావాలి. అది కూడా చేసి చూశాకే ఇంటర్‌ఫేస్ డిస్క్రిప్షన్‌లో ‘ఐపీ 9000, ఒక ట్యాగ్’ అని రాసి మార్పును ముగించాలి.